ఎడమ మర

చవక తుపాకుల పోటీ అని దాని పేరు. వినడానికి నవ్వులాటలా ఉంటుంది గానీ, ఆ ఊరి గాలి తుపాకుల క్లబ్బులో దాన్ని మించిన పరువు పోటీ ఇంకోటి లేదు. దుకాణంలో దొరికేవాటిల్లోకెల్లా చవకది, చేత్తో పంపు కొట్టి గాలి నింపుకునే రకం తుపాకి తెచ్చుకోవాలి. ఆ తర్వాత దాన్ని కోసుకుంటావో, నూరుకుంటావో, మళ్ళీ కొత్తగా కట్టుకుంటావో నీ ఇష్టం. కాకపోతే బాగుచేసిన చెయ్యీ, కాల్చే చెయ్యీ ఒకటే కావాలి. గెలిచినవాడు కప్పు ముట్టుకునే ముందు తన తుపాకిని అందరి ఎదుటా బల్ల మీద నిలువునా విప్పి, ఏమేం చేశాడో చెప్పి, మళ్ళీ బిగించి చూపాలి. ఒకరు బాగుచేసింది ఇంకొకరు కాల్చారని తేలితే ఇద్దరూ అవుట్. మూడేళ్ళు గుమ్మం తొక్కనివ్వరు.

ఆ కప్పు వరసగా ఐదేళ్ళు గెలిచినవాడు బావ. ఆ ఐదేళ్ళూ గెలిచిన తుపాకిని బాగుచేసినవాడు బావమరిది. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అచ్చంగా అదే.

బావకి ఆటవస్తువుల దుకాణం ఉంది. దాని వెనక గదిలో బావమరిది పన్నెండేళ్ళు పనిచేశాడు. చవక తుపాకి అంటే ఎలా ఉంటుందో అతన్నడగాలి. ట్రిగ్గర్ నొక్కితే తుప్పు పట్టిన గడియ లాగినట్టుంటుంది. గొట్టం దాని గూట్లో వదులుగా కదులుతూ ఉంటుంది. ఎనిమిది పంపులు కొడితే ఆరు పంపుల గాలే పనికొస్తుంది, మిగతాది పిస్టన్‌కీ వాల్వుకీ మధ్య ఉన్న సందులో దాక్కుని ఉత్తపుణ్యానికి పోతుంది. బావమరిది ఆ గడియని అద్దంలా నూరేవాడు. గొట్టం చుట్టూ పల్చటి రేకు చుట్టి బిగించేవాడు. పిస్టన్‌కి ఇత్తడి తల చేసి, ఆ దొంగ సందు పూడ్చేసేవాడు. అన్నీ అయ్యాక బావని కూర్చోబెట్టి, బల్ల దగ్గర ఏం చెప్పాలో ఎక్కాలు వల్లె వేయించినట్టు వల్లె వేయించేవాడు. బావ అప్పజెప్పేవాడు. చప్పట్లు మోగేవి.

ఒక్క మాట ఒప్పుకోవాలి, బావ గురి మాత్రం గురే. తుపాకి బాగుంటే అతని చేతిలో గుండు తప్పదు. ఆ సంగతి బావమరిదికి కూడా తెలుసు. అందుకే అన్నేళ్ళూ నోరెత్తలేదు. నోట్లో నాలుక లేని మనిషి.

నాలుక ఉన్నది అతని పెళ్ళానికి. రెండేళ్ళ కిందట, నాలుగో కప్పు ఇచ్చే రోజున, ఆవిడ నిండు సభలో లేచి నిలబడింది.

"మాస్టారూ, ఆ తుపాకి బాగుచేసింది మా ఆయన. ఆయన పేరు కూడా ఒక మాట చెప్పండి" అంది.

క్లబ్బుకి పెద్ద డ్రిల్లు మాస్టారు. ఏనాడో రిటైరయ్యాడు గానీ మెళ్ళో విజిల్ తీయలేదు. ఆయన బావ వైపు తిరిగి "ఏమయ్యా, నిజమేనా?" అని అడిగాడు.

బావ నవ్వాడు. పక్కనే నిలబడ్డ బావమరిది తల మీద, కుక్కపిల్లని నిమిరినట్టు చెయ్యి వేశాడు.

"వీడా మాస్టారూ? వీడు నా దుకాణంలో వాషర్లు మారుస్తాడు. చెల్లెమ్మకి మొగుడంటే అభిమానం, పోనివ్వండి. ఏరా వాషరూ, అంతేనా?"

హాలంతా గొల్లుమంది. బావమరిది ఏమన్నాడు? నిజం చెబితే ఇద్దరూ అవుట్, అక్క మొగుడి పరువు బజారుపాలు. "అంతే బావా" అన్నాడు. ఆ రోజు నుంచీ అతను ఊరందరికీ వాషర్. కూరలమ్మే ఆవిడ కూడా "వాషర్‌గారూ, ఏం కావాలి?" అని నోరారా పిలిచేది, అదే అసలు పేరనుకుని.

మర్నాడు దుకాణం మానేశాడు. ఇంట్లో ముందు గదిలో చిన్న లేత్ పెట్టుకుని, కుట్టుమిషన్లూ, మందు కొట్టే స్ప్రేయర్లూ బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. పని తీరిన వేళల్లో తన కోసం ఒక చవక తుపాకి కొనుక్కుని, దాని మీద కూర్చున్నాడు. మరుసటేడు కూడా బావే గెలిచాడు, అదీ వాషర్ చేసిచ్చిన పాత తుపాకితోనే, వాషర్ నేర్పిన పాఠమే అప్పజెప్పి. ఏరు దాటి తెప్ప తగలేసిన వాణ్ణి చూశాం గానీ, తగలేసిన తెప్ప మీదే మళ్ళీ ఏరు దాటినవాడు బావ ఒక్కడే. వెనక వరసలో కూర్చుని అది చూసిన వాషర్‌కి ఆ రాత్రి అన్నం దిగలేదు. అతనికి కావలసింది కప్పు కాదు. ఏ నోటితో ఆ మాట అన్నాడో, ఆ నోటితోనే, అదే హాల్లో, నిజం కక్కించాలి. రెండేళ్ళుగా అదే ఆలోచన. పళ్ళు తోముకుంటున్నా అదే, లేత్ తిప్పుతున్నా అదే.

ఈ ఏడు పోటీకి పది రోజులుందనగా మధ్యాహ్నం అక్క వచ్చింది. చంకలో దుప్పటి చుట్టిన పొడుగాటి మూట.

"మీ బావ పంపలేదురా. నేనే తెచ్చా" అంది గుమ్మంలోనే.

"అడక్కుండానే చెప్పావంటే ఆయనే పంపాడన్నమాట" అన్నాడు వాషర్.

అక్క కూర్చుని చెమట తుడుచుకుంది. మూట విప్పితే లోపల ఆ పాత తుపాకే. వాషర్ దాన్ని చేతిలోకి తీసుకుని, మీట వెనక్కి లాగి, ట్రిగ్గర్ నొక్కాడు. చప్పుడు లేదు. ఈ రకం తుపాకిని ఊరికే పెట్టేటప్పుడు ఒక పంపు గాలి లోపల ఉంచాలి, గాలి ఆపే రబ్బరు సీళ్ళు ఎండిపోకుండా. అది కూడా చెయ్యలేదు మహానుభావుడు. నాలుగు పంపులు కొట్టి చూశాడు. లోపల్నుంచి స్‌స్‌స్‌ మంటూ గాలంతా పోయింది. వాసన చూశాడు. ఏదో కనపడ్డ నూనె పోశాడు బావ, దాంతో రబ్బరు ఉబ్బి బూరెలా అయింది.

"చేస్తావా?" అంది అక్క.

"నీ కోసం చేయాలా, ఆయన కోసం చేయాలా?"

"ఎవరి కోసమని చెబితే చేస్తావో వాళ్ళ కోసం. పది రోజుల నుంచీ ఇంట్లో గిన్నెలు ఎగురుతున్నాయిరా. 'వాడు నేర్పలేదు, వాడు దాచిపెట్టాడు' అని నిన్నే తిడతాడు. నేను వినాలి."

వాషర్ తుపాకిని ఇటూ అటూ తిప్పి చూశాడు. తర్వాత మొహం తేటపడింది. "పోటీ ముందు రోజు వచ్చి తీసుకెళ్ళక్కా. ఇంతకు ముందెప్పుడూ పనిచేయనంత బాగా పనిచేస్తుంది" అన్నాడు.

అక్క వీధి మలుపు తిరిగిందో లేదో పెళ్ళాం వంటింట్లోంచి వచ్చింది.

"విన్నాను. మీకు సిగ్గూ లజ్జా లేవా? లేకపోతే పదో గుండుకి చచ్చిపోయే సీలేమన్నా వేస్తున్నారా? అలా అయితే చెప్పండి, నేనే నూనె పోస్తాను."

"ఓడితే ఏమవుతుంది? తుపాకి పాడైందంటాడు. అయిదేళ్ళ మొనగాడు, పాపం అని నలుగురూ జాలిపడతారు. ఆయన ఓడకూడదు. గెలవాలి."

"గెలిచి?"

"గెలిచినవాడే కదా బల్ల దగ్గరికి రావాలి."

ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. మొగుడి మొహంలోకి కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. "మీరు కూడా అవుటవుతారు. మూడేళ్ళు" అంది మెల్లగా.

"తెలుసు."

"మీరు రెండేళ్ళ నుంచీ చేసుకున్న తుపాకి?"

వాషర్ లేచాడు. గోడకి తగిలించిన తన తుపాకిని దింపి, విప్పి, పిస్టన్ తల బయటికి తీశాడు. అది రెండేళ్ళ పని. ఎనిమిది తలలు కోస్తే ఏడు పాడై, ఇది ఒక్కటే కుదిరింది. వాల్వు మొహానికి కాగితం మందం కూడా ఖాళీ లేకుండా ఆనుతుంది, ఒక్క బొట్టు గాలి వదలదు. బావ తుపాకి కోసం దాని వెనక భాగాన్ని మళ్ళీ లేత్ మీద పెట్టాడు. అంతవరకూ దానికి ఉన్నది మామూలు మర, ఎడమకు తిప్పితే ఊడేది. ఆ మర పూర్తిగా చెక్కేసి, కొత్త కాడ అతికించి, దాని మీదా, అది దిగే పిస్టన్ కన్నంలోనూ ఎడమ మర కోశాడు. ఇది కుడికి తిప్పితే ఊడుతుంది, ఎడమకు తిప్పితే ఇంకా బిగుస్తుంది.

ఎందుకలా అని ఏ పనివాడైనా అడిగితే, పంపు కొట్టేటప్పుడు తల వదులవకుండా అని చెప్పి తప్పించుకోవచ్చు. నిజం మాత్రం వేరు. ఎడమ మర కోసినవాడు దాన్ని చచ్చినా మర్చిపోడు. లేత్ మీద ఆ పని తలకిందులుగా చేయాలి, చెయ్యి అలవాటు ప్రతి చుట్టుకీ అడ్డం వస్తుంది, రెండు సార్లయినా పాడుచేసుకుని బూతులు తిట్టుకోవాలి. వాషర్ మూడు కాడలు పాడుచేశాడు. నాలుగోసారి కుదిరినప్పుడు లేత్ ఆపి ఒక్కడే నవ్వుకున్నాడు. అంత హాయిగా నవ్వి చాలా కాలమైంది.

మిగతా పని కూడా మనసు పెట్టి చేశాడు. ట్రిగ్గర్ వెన్నలా నూరాడు. ఉబ్బిన రబ్బర్లు పీకి కొత్తవి వేశాడు. గొట్టం బిగించాడు. చివరికి ఒక పంపు గాలి కొట్టి పెట్టాడు. తన తుపాకిలో మాత్రం పాడైన ఏడింటిలో కాస్త నయమైనదాన్ని వేసుకున్నాడు.

అక్క వచ్చి పట్టుకెళ్ళింది. ఆ సాయంత్రం బావ పెరట్లో నాలుగు గుళ్ళు కాల్చి చూసుకుని, నాలుగూ ఒకే కన్నంలో దిగాయని ఎగిరి గంతేశాడట. లోపలేముందో విప్పి చూశాడా? పనిచేస్తున్న దాన్ని విప్పి చూసే రకం కాదు బావ. పాఠం నోటికొచ్చు కదా, ఇంకేం కావాలి?

పోటీ ఎప్పటిలాగే క్లబ్బు హాల్లోనే, ఒకప్పటి పాత గోదాం అది. ఒక గోడకి కాగితపు గురులు, ఈ చివర ఇసక బస్తాలు, మధ్యలో తాడు. ఒక్కొక్కరికి పది గుళ్ళు, గుండుకి పది మార్కులు. జనం బాగానే వచ్చారు. అక్క ముందు వరసలో, వాషర్ పెళ్ళాం ఆ పక్కనే. ఇద్దరి మధ్యా ఒక కుర్చీ ఖాళీ.

బావ ఇస్త్రీ చొక్కా మడత నలగకుండా వచ్చి నిలబడ్డాడు. వాషర్‌ని చూసి "ఏరా వాషరూ, నువ్వూ వచ్చావా? భేష్" అన్నాడు. తుపాకి సంగతి ఎత్తలేదు, థాంక్స్ ఊసే లేదు.

వాషర్ బెంచీ మీద కూర్చుని బావ గెలవాలని మొక్కుకున్నాడు. శత్రువు చెయ్యి వణక్కూడదని, కంట్లో నలక పడకూడదని ఇంతగా కోరుకున్న మనిషి ఇంకొకడు ఉండడు. బావ పంపు కొట్టిన ప్రతిసారీ వాషర్ పెదాలు కదిలాయి, ఆరు, ఏడు, ఎనిమిది. గుండు "టప్" మని పొడిగా పేలేది. పది, పది, తొమ్మిది, పది. కాగితం దగ్గర నిలబడ్డ మాస్టారు కేకేసి చెబుతుంటే జనం ఉయ్యాల ఊగినట్టు ఊగుతున్నారు. మొత్తం తొంభై ఏడు. ఆ క్లబ్బులో అంతవరకూ ఎవరికీ రానంత.

చిట్టచివర వాషర్ వంతు. ఏదో ఒకటి కాల్చి కూర్చుందామనే వెళ్ళాడు. కానీ తుపాకి భుజానికి ఆనించగానే రెండేళ్ళ పని చేతుల్లోకి వచ్చేసింది. పది. పది. తొమ్మిది. పది. వద్దన్నా తగులుతున్నాయి. తొమ్మిది గుళ్ళయ్యేసరికి ఎనభై ఎనిమిది. పదో గుండు నడి మధ్యలో దిగితే తొంభై ఎనిమిది. కప్పు వాషర్‌ది. తన తుపాకి, తన చెయ్యి, రూలు ప్రకారం న్యాయంగా.

ఎనిమిది పంపులు కొట్టాడు. గురి కుదిరింది. ఎంత బాగా కుదిరిందంటే, ఇంక వేలు కదిపితే చాలు. ఆ క్షణాన అతనికి ఏడుపొచ్చింది, నిజంగానే. ఇప్పుడు గెలిస్తే బావ వచ్చి భుజం తట్టి "నేను నేర్పిన విద్యే మాస్టారూ" అంటాడు. తప్పకుండా అంటాడు. తల మీద ఆ చెయ్యి బరువు ఇంకా ఉంది.

వాషర్ గొట్టాన్ని వెంట్రుకంత పక్కకి జరిపి నొక్కాడు.

"ఏడు!" అన్నాడు మాస్టారు. కాగితం తీసి, దాని వంకా వాషర్ వంకా మార్చి మార్చి చూశాడు. "అదేమిటోయ్?"

"చెయ్యి జారింది మాస్టారూ."

బావ గుండెల నిండా గాలి పీల్చుకుని బల్ల దగ్గరికి నడిచాడు. తెల్ల గుడ్డ పరిచారు, స్క్రూడ్రైవర్లు, స్పానర్లు పెట్టారు. జనం బల్ల చుట్టూ మూగారు. బావ గొంతు సవరించుకుని పాఠం మొదలుపెట్టాడు.

"ముందుగా ట్రిగ్గర్. దీని ముఖాలు రెండూ నేను అద్దంలా నూరాను. ఇదిగో, గొట్టం చుట్టూ పల్చటి రేకు..."

ఒక్కొక్కటే ఊడి గుడ్డ మీదికి వచ్చింది. పిస్టన్ బయటికి లాగాడు. దాని చివర కొత్త ఇత్తడి తల, తళతళలాడుతూ. అలాంటిది బావ ఎన్నడూ చూడలేదు. ఒక్క క్షణం గొంతు తడబడింది. వెంటనే సర్దుకున్నాడు.

"ఇది నా ప్రత్యేకం. గాలి వృథా కాకుండా చేసిన తల. దీన్ని ఎడమకు తిప్పి విప్పితే..."

ఎడమకు తిప్పాడు. రాలేదు. స్పానర్ వేసి తిప్పాడు. రాలేదు. రెండు చేతులూ వేసి, పళ్ళు బిగబట్టి తిప్పాడు. ఇస్త్రీ చొక్కా చంకల్లో తడిసింది.

"జామైంది మాస్టారూ."

"నిన్న మొన్న చేసిన ఇత్తడికి జామేమిటయ్యా?"

గుంపులోంచి ఒక లేత్ పనివాడు మెడ చాచి చూసి "జామూ లేదు గీమూ లేదు. అది ఎడమ మర. ఆయన విప్పడం లేదు మాస్టారూ, బిగిస్తున్నాడు" అన్నాడు.

నవ్వులు. మాస్టారు మాత్రం నవ్వలేదు. "నువ్వు కోసిన మర ఏ వైపుకో నీకే తెలీదా?" అన్నాడు.

"మర్చిపోయాను మాస్టారూ."

"ఎడమ మర కోసి మర్చిపోయేవాడా!" అన్నాడు లేత్ పనివాడు. "నేను జన్మలో రెండు కోశాను. రెంటి పుట్టినరోజులూ చెప్పమంటే చెబుతా."

ఈసారి గోదాం రేకులు అదిరేలా నవ్వారు. బావ మొహం కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. కళ్ళు గుంపంతా వెతికి వెతికి వెనక వరసలో వాషర్ దగ్గర ఆగాయి. వాషర్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కళ్ళు తిప్పుకోలేదు. రెండేళ్ళుగా ఆకలిగా ఉన్నవాడు అన్నం వైపు చూసినట్టు చూశాడు.

"ఎవరు చేశారయ్యా ఇది?" అన్నాడు మాస్టారు.

బావ పెదాలు తడుపుకున్నాడు. "మా బావమరిది."

"వినపడలేదు."

"మా బావమరిది చేశాడు!"

"ఇదొక్కటేనా?"

బావ బల్ల మీది గుడ్డనే చూస్తూ "అన్నీ. ఐదేళ్ళూ వాడే చేశాడు. చెప్పేది కూడా వాడే నేర్పాడు" అన్నాడు. ఆ వెంటనే తలెత్తి, "అయితే వాడూ అవుటే! రూలు రూలే మాస్టారూ!" అని అరిచాడు.

"అవుటే" అన్నాడు మాస్టారు. "ఇద్దరూ మూడేళ్ళు. కప్పు మూడో ఆయనకి." తర్వాత వాషర్ని చేత్తో పిలిచాడు. "అవుటయితే అయ్యావు గానీ ఇలా రావోయ్. ఇందులో ఏముందో మాకు చూడాలనుంది."

వాషర్ వెళ్ళాడు. స్పానర్ తీసుకుని, ఒక్క ఊపున కుడికి తిప్పాడు. తల వదులైంది, వేళ్ళతో తీసి గుడ్డ మీద పెట్టాడు. అప్పుడు నోరు తెరిచాడు. సందు ఎక్కడుంటుందో, గాలి ఎలా దొంగతనంగా పోతుందో, ఎన్ని తలలు పాడయ్యాయో చెప్పాడు. చెబుతూ చెబుతూ వాల్వు విప్పాడు. లోపలి స్ప్రింగులు విప్పాడు. బావ ఏనాడూ చెయ్యి పెట్టని పిన్నులూ, బుషింగులూ, చిట్టి చిట్టి స్క్రూలూ అన్నీ విప్పి, గుడ్డ నిండా పరిచాడు. జనం ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగి చూశారు. లేత్ పనివాడు ఆ తలని చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూసి, రెండు చేతులా తిరిగి ఇచ్చాడు.

"అంతా బాగుంది గానీ, ఎడమ మర ఎందుకు పెట్టావోయ్?" అన్నాడు మాస్టారు.

"మా బావ కోసం" అన్నాడు వాషర్.

ముందుగా నవ్వింది అక్క. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు, భుజాలు కుదిపేస్తూ నవ్వింది. వాషర్ పెళ్ళాం ఖాళీ కుర్చీలోకి జరిగి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

వాషర్ గుడ్డ కొసతో చేతులు తుడుచుకుని బల్ల దగ్గర్నుంచి పక్కకి జరిగాడు.

"ఏమోయ్, మళ్ళీ బిగించాలి కదా?" అని పిలిచాడు మాస్టారు.

"అది మా బావ చేస్తాడు మాస్టారూ. ఐదేళ్ళ అనుభవం."

బావ రెండు చేతులూ వేలాడేసుకుని ఆ స్క్రూల ముందు నిలబడ్డాడు. ఎవరూ ఇంటికి కదల్లేదు. మాస్టారు కుర్చీ లాక్కుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"కానివ్వవయ్యా" అన్నాడు. "మాకేం తొందర లేదు."